స్టాలిన్‌గ్రాడ్, మిడ్‌వే, నార్మండీ: రెండో ప్రపంచ యుద్ధం అసలు ఎక్కడ మలుపు తిరిగింది?

క్లుప్తంగా: ఎవరు గెలుస్తారన్నది 1941 డిసెంబర్ నుంచి 1943 మే లోపే దాదాపుగా తేలిపోయింది. దాన్ని తేల్చినవి చమురు, ఓడలు, ఫ్యాక్టరీలు. గెలిచాక ప్రపంచం ఏ రూపంలో మిగులుతుందన్నది మాత్రం వేరే చోట్ల తేలింది. 1942లో సింగపూర్‌లో, 1944 వేసవిలో బెలారస్‌లో, 1945 ఆగస్టులో వాషింగ్టన్‌లోని ఒక ఆఫీసు గదిలో. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే ఇంత గందరగోళం.

రెండో ప్రపంచ యుద్ధం ఎక్కడ మలుపు తిరిగిందని అడిగితే దేశాన్ని బట్టి జవాబు మారుతుంది. రష్యాలో స్టాలిన్‌గ్రాడ్ అంటారు. బ్రిటన్‌లో ఎల్ అలమైన్ పేరు ముందు వస్తుంది. అమెరికాలో మిడ్‌వే, నార్మండీ. ఏటా మే, ఆగస్టు నెలల్లో వార్షికోత్సవాలు రాగానే ఈ వాదన మళ్లీ మొదలవుతుంది. ఎవరి త్యాగం వాళ్లకు పెద్దది కాబట్టి ఇది సహజమే. కానీ ఒక యుద్ధాన్ని మలుపు అని పిలవాలంటే దానికి ఒక కొలమానం ఉండాలి. ఒక పక్షం తాను పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకోలేని స్థితికి చేరిన క్షణమే మలుపు అనుకుంటే, చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

## 1941 డిసెంబర్: వారం రోజుల్లో మారిన లెక్క

1939 సెప్టెంబర్ 1న పోలండ్ మీద దాడితో మొదలైన జర్మనీ విజయాలన్నీ పొట్టి యుద్ధాలే. ఫ్రాన్స్ లాంటి పెద్ద దేశం 1940లో ఆరు వారాల్లో చేతులెత్తేసింది. శత్రువు తేరుకునేలోపే పని ముగించడం మీదే ఆ పద్ధతి మొత్తం ఆధారపడి ఉంది. పని ముగియకపోతే ఏమవుతుందన్న దానికి జర్మనీ దగ్గర సిద్ధమైన సమాధానం లేదు. సొంత చమురు అంతంతమాత్రం. రుమేనియాలోని ప్లోయెస్టీ బావులు, బొగ్గు నుంచి తీసే కృత్రిమ ఇంధనమే దిక్కు.

1941 జూన్ 22న ముప్పై లక్షలకు పైగా సైన్యంతో జర్మనీ సోవియట్ యూనియన్ మీద పడింది. ట్యాంకుల యుద్ధంగా పేరుపడ్డ ఆ దాడిలో ఆరు లక్షలకు పైగా గుర్రాలు కూడా నడిచాయన్నది చాలామందికి తెలియదు. తుపాకీ గుళ్ల నుంచి రొట్టెల దాకా మోసింది ఎక్కువగా అవే. రైళ్ల మీద పంపుదామంటే సోవియట్ పట్టాల వెడల్పు 1,524 మిల్లీమీటర్లు, జర్మనీవి 1,435. మీటర్ గేజ్ నుంచి బ్రాడ్ గేజ్‌కు మారే స్టేషన్‌లో సరుకంతా దించి మళ్లీ ఎక్కించిన రోజులు గుర్తున్నవాళ్లకు ఆ ఇబ్బంది వెంటనే అర్థమవుతుంది. సైన్యం ముందుకు పోయేకొద్దీ పట్టాలు మార్చుకుంటూ పోవాలి. మాస్కో శివార్లకు చేరేసరికి చలికోట్ల కంటే ముందు మందుగుండు రావాలా, ఇంధనం రావాలా అన్న టెన్షన్ మొదలైంది. అదే సమయంలో సోవియట్ ప్రభుత్వం 1,500కు పైగా ఫ్యాక్టరీలను విడదీసి, రైళ్లకెక్కించి తూర్పున ఉరల్ పర్వతాల వైపు, వాటి అవతలికి తరలించింది.

డిసెంబర్ 5న మాస్కో దగ్గర సోవియట్ ఎదురుదాడి మొదలైంది. రెండు రోజులకు, డిసెంబర్ 7న, జపాన్ పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. డిసెంబర్ 11న హిట్లర్ అమెరికా మీద యుద్ధం ప్రకటించాడు. ఆ ప్రకటన చేయాలని ఒప్పందంలో ఎక్కడా లేదు. జర్మనీ, ఇటలీ, జపాన్‌ల త్రైపాక్షిక ఒప్పందం ప్రకారం జపాన్ మీద ఎవరైనా దాడి చేస్తేనే మిగతావాళ్లు రావాలి. ఇక్కడ దాడి చేసింది జపానే. హిట్లర్ ఊరుకుని ఉంటే, జపాన్ మీద కోపంతో రగిలిపోతున్న అమెరికన్ కాంగ్రెస్‌ను జర్మనీ మీదికి మళ్లించడం అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు అంత తేలిక అయ్యేది కాదు.

జపాన్ వైపు నుంచి చూస్తే ఇదంతా చమురు కథ. తనకు కావలసిన చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచే కొనేది. 1941 జులైలో దక్షిణ ఇండోచైనాలోకి సైన్యాన్ని దింపగానే అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేసింది. దాంతో చమురు కూడా ఆగిపోయింది. నిల్వలు కరిగిపోయేలోపు చైనా నుంచి వెనక్కి తగ్గాలి, లేదా డచ్చివాళ్ల చేతిలోని సుమత్రా, బోర్నియో బావులను పట్టుకోవాలి. టోక్యో రెండోదారి పట్టింది. ఆ బావుల వైపు వెళ్తుంటే అమెరికా నౌకాదళం అడ్డం రాకుండా చేయడానికే పెర్ల్ హార్బర్. అక్కడ ఎనిమిది యుద్ధనౌకలు దెబ్బతిన్నాయి. కానీ వాటిలో ఆరింటిని బాగుచేసి మళ్లీ నీళ్లలోకి దించారు. విమానవాహక నౌకలు ఆ రోజు రేవులోనే లేవు. ఒడ్డునున్న చమురు ట్యాంకుల జోలికి జపాన్ విమానాలు పోలేదు. చమురు కోసం మొదలుపెట్టిన యుద్ధంలో శత్రువు చమురును వదిలేయడం జపాన్ చేసిన పెద్ద పొరపాట్లలో ఒకటి.

ఆ వారం తర్వాత లెక్క ఎలా మారిందో ఒక్క అంకె చాలు. 1944 ఒక్క ఏడాదిలో అమెరికా తయారుచేసిన విమానాలు సుమారు 96,000. జర్మనీ సుమారు 40,000, జపాన్ సుమారు 28,000.

## 1942: దాడి ఆగిన చోట్లు

ఫ్యాక్టరీలు ఎన్ని ఉన్నా అవి పనిచేయడానికి సమయం కావాలి. ఆ సమయాన్ని సంపాదించి పెట్టినవే 1942 పోరాటాలు. అందుకే వాటి విలువ ఏ మాత్రం తగ్గదు.

పసిఫిక్‌లో జరిగిన మిడ్‌వే కథలో అందరూ చెప్పేది బాంబుల సంగతి. అసలు పని అంతకుముందే హవాయిలోని ఒక నేలమాళిగలో జరిగింది. జోసెఫ్ రోష్‌ఫోర్ట్ నాయకత్వంలోని కోడ్ నిపుణులు జపాన్ నౌకాదళ సందేశాలను కొంతమేర చదవగలుగుతున్నారు. ‘ఏఎఫ్’ అనే చోట పెద్ద దాడి జరగబోతోందని తెలిసింది కానీ ఆ చోటు ఏదో రూఢిగా తెలియదు. మిడ్‌వే దీవి అని అనుమానం. సముద్రం అడుగున వేసిన కేబుల్ ద్వారా మిడ్‌వేకు రహస్యంగా ఒక మాట చెప్పారు: మీ దగ్గర మంచినీళ్ల యంత్రం పాడైందని రేడియోలో బహిరంగంగా చెప్పండి. వాళ్లు చెప్పారు. కొద్ది సేపటికే ‘ఏఎఫ్‌లో మంచినీళ్ల కొరత’ అని జపాన్ సందేశం దొరికింది. జూన్ 4న అమెరికా విమానవాహక నౌకలు ఎక్కడ ఉండాలో అక్కడ కాచుకుని ఉన్నాయి. అకాగి, కాగా, సోర్యు నిమిషాల వ్యవధిలో మంటల్లో చిక్కుకున్నాయి. అదే రోజు హిర్యు కూడా పోయింది. అమెరికా పోగొట్టుకున్న వాహక నౌక ఒక్కటే, యార్క్‌టౌన్.

ఇక్కడ ఒక అపోహ ఉంది. జపాన్ మేటి పైలట్లంతా మిడ్‌వేలోనే చనిపోయారని తరచూ రాస్తుంటారు. నిజానికి ఆ పోరులో చనిపోయిన జపాన్ వైమానిక సిబ్బంది సుమారు 110 మందే. ఆరితేరిన పైలట్లు హరించుకుపోయింది ఆగస్టు నుంచి సోలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్ చుట్టూ నెలల తరబడి సాగిన పోరులో. జపాన్ కొద్దిమందికే చాలా కాలం శిక్షణ ఇచ్చేది. అలాంటివాళ్లు పోతే వాళ్ల చోట్లోకి వచ్చేది అనుభవం లేని కుర్రాళ్లు. వాహక నౌకలు మిడ్‌వేలో, పైలట్లు సోలమన్ దీవుల్లో పోయాయి. ఈ రెండూ కలిస్తేనే పసిఫిక్‌లో మలుపు.

స్టాలిన్‌గ్రాడ్ కూడా చమురు దగ్గరే మొదలైంది. 1942 వేసవిలో జర్మనీ గురి ఆ నగరం మీద కంటే కాకసస్ బావుల మీద ఎక్కువ. మైకాప్ దొరికింది కానీ సోవియట్ సేనలు బావులను ముందే పాడుచేసి వెళ్లాయి. గ్రోజ్ని, బాకు అందలేదు. ఈలోగా వోల్గా ఒడ్డున స్టాలిన్‌గ్రాడ్ వీధుల్లో ఒక్కో ఇంటి కోసం కొట్లాట. జర్మన్ ఆరో సైన్యం నగరంలో కూరుకుపోయి ఉండగా దాని రెండు పక్కలా కాపలా ఉన్నది ఆయుధాలు అంతగా లేని రుమేనియా దళాలు. నవంబర్ 19న సోవియట్ దాడి సరిగ్గా అక్కడ జరిగింది. నాలుగు రోజుల్లో ఉచ్చు బిగిసింది. రెండు లక్షలకు పైగా సైన్యం లోపల చిక్కుకుంది.

విమానాల ద్వారా సరుకులు అందిస్తానని జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్ మాట ఇచ్చాడు. రోజుకు కనీసం 300 టన్నులు కావాలి. సగటున అందింది అందులో సగం కూడా లేదు. గుర్రాలను కోసుకు తిన్నారు. 1943 జనవరి 30న హిట్లర్ ఆరో సైన్యం అధిపతి పౌలస్‌కు ఫీల్డ్ మార్షల్ హోదా ఇచ్చాడు. అప్పటిదాకా ఏ జర్మన్ ఫీల్డ్ మార్షలూ శత్రువుకు లొంగలేదు కాబట్టి అందులోని సూచన స్పష్టమే. పౌలస్ మర్నాడే లొంగిపోయాడు. బందీలుగా చిక్కిన సుమారు 91,000 మందిలో ఇంటికి తిరిగి వచ్చింది ఆరు వేల లోపే.

ఉత్తర ఆఫ్రికాలో ఎల్ అలమైన్ (1942 అక్టోబర్-నవంబర్) దీనితో పోలిస్తే చిన్న పోరు. అక్కడి జర్మన్ సేనాపతి రొమ్మెల్‌కు కూడా ఇంధనమే కరువు. నాలుగో భారత డివిజన్ ఆ ఎడారిలో పోరాడింది. సూయెజ్ కాలువ, దాని అవతల మధ్యప్రాచ్యపు చమురు జర్మనీకి దక్కకుండా పోయాయి.

## అట్లాంటిక్: ఎవరికీ గుర్తుండని మలుపు

ఫొటోలు తక్కువ, వీరగాథలు తక్కువ కాబట్టి అట్లాంటిక్ పోరును చాలామంది దాటేస్తారు. కానీ అమెరికా ఫ్యాక్టరీల్లో తయారైనదేదైనా ఆ సముద్రం దాటితేనే ఉపయోగం. జర్మన్ జలాంతర్గాములు దాన్నే అడ్డుకున్నాయి. సముద్రం మధ్యలో విమానాలు చేరలేని ఖాళీ ఒకటి ఉండేది. అక్కడే ఎక్కువ ఓడలు మునిగేవి. 1943 వసంతానికి దూరం ఎగిరే లిబరేటర్ విమానాలు, చిన్న వాహక నౌకలు, మెరుగైన రాడార్, జర్మన్ సందేశాల కోడ్ ఛేదన అన్నీ ఒకేసారి కలిసొచ్చాయి. మే నెలలో జర్మనీ 41 జలాంతర్గాములను పోగొట్టుకుంది. నెలాఖరులోపే అడ్మిరల్ డోనిట్జ్ వాటిని ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కి పిలిచాడు. మరోపక్క అమెరికా రేవుల్లో ఒకే నమూనా మీద 2,700కు పైగా లిబర్టీ అనే సరుకు ఓడలు కట్టారు. వాటిలో ఒకదాన్ని ప్రచారం కోసం ఐదు రోజులు కూడా పట్టకుండా నీళ్లలోకి దించారు. మునిగేవాటికంటే కొత్తగా వచ్చేవి ఎక్కువయ్యాక ఆ పోరులో జర్మనీకి గెలిచే దారే లేదు.

ఈ ఓడల లెక్క భారతదేశానికి నేరుగా తగిలింది. 1943లో బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది చనిపోయారు. బర్మా బియ్యం ఆగిపోవడం, 1942 అక్టోబర్ తుఫాను, ధరల పెరుగుదల, జపాన్‌కు దొరక్కూడదని తీరప్రాంతంలో పడవలను స్వాధీనం చేసుకోవడం అన్నీ కలిసి ఆ విపత్తు వచ్చింది. ధాన్యం పంపమని ఢిల్లీ నుంచి పదేపదే అడిగినప్పుడు లండన్ మంత్రివర్గం ఓడల్లేవని చెప్పింది, అడిగినదానిలో కొంతే పంపింది. కానీ అట్లాంటిక్ పరిస్థితి చక్కబడింది ఆ ఏడాది మేలో. కరువు మరణాలు పెరిగింది దాని తర్వాత. ఓడల కొరత నిజమే. అయినా ఆ రెండో అర్ధభాగంలో అది ప్రాధాన్యాల సమస్యే ఎక్కువ, ఆ ప్రాధాన్యాల్లో బెంగాల్ అడుగున ఉంది.

## సింగపూర్: ఓడిపోయినవాడు మార్చిన చరిత్ర

మలుపుల జాబితాల్లో సింగపూర్ పతనం పెద్దగా కనబడదు. జపాన్ చివరికి ఓడిపోయింది కాబట్టి దాని విజయాలకు విలువ లేదన్నది ఆ జాబితాల ధోరణి. ఆసియా కోణంలో చూస్తే ఇంతకంటే పెద్ద మలుపు లేదు.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌లో బ్రిటిష్ సేనాపతి పెర్సివల్, సంఖ్యలో తనకంటే తక్కువగా ఉన్న జపాన్ సైన్యానికి లొంగిపోయాడు. బందీలైన సుమారు 80,000 మందిలో దాదాపు సగం మంది భారత సైనికులు. మార్చి 8న బర్మా రాజధాని రంగూన్ పడిపోయింది. రంగూన్ అంటే తెలుగువాళ్లకు పరాయి ఊరు కాదు. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి తరతరాలుగా ఓడెక్కి వెళ్లినవాళ్లు అక్కడ రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డప్పటి నుంచి లక్షల మంది భారతీయులు అడవుల్లో, కొండల్లో కాలినడకన అస్సాం, మణిపూర్, చిట్టగాంగ్ వైపు బయల్దేరారు. వేలాది మంది ఆకలితో, కలరాతో, మలేరియాతో దారిలోనే పోయారు. ఏలికలు ముందే ఖాళీ చేసి వెళ్లిపోయారన్నది తిరిగొచ్చినవాళ్లు ఊరూరా చెప్పిన మాట.

1942 ఏప్రిల్ 6న అదే భయం తెలుగు తీరానికి వచ్చింది. ర్యుజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. అదే వారంలో బంగాళాఖాతంలో ఇరవై దాకా సరుకు ఓడలు మునిగాయి. నష్టం సైనికంగా పెద్దది కాదు. జపాన్ నౌకాదళం అంత బలంతో మళ్లీ అటు రాలేదు. కానీ తీరం ఖాళీ అయింది, మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్లకు తరలాయి. సముద్రం మీద బ్రిటిష్‌వాడికి తిరుగులేదన్న నమ్మకం పోయింది. నాలుగు నెలలకే క్విట్ ఇండియా మొదలైంది.

సింగపూర్ బందీల నుంచే మోహన్ సింగ్ మొదటి ఐఎన్‌ఏను (ఇండియన్ నేషనల్ ఆర్మీ, ఆజాద్ హింద్ ఫౌజ్) కూడగట్టారు. 1943లో సుభాష్ చంద్రబోస్ వచ్చి దానికి కొత్త ఊపిరి పోశారు. యుద్ధరంగంలో ఐఎన్‌ఏ గెలవలేదు. 1944లో ఇంఫాల్, కొహిమాల దగ్గర జపాన్ సైన్యంతో పాటు అదీ దెబ్బతింది. అక్కడ దాన్ని ఎదుర్కొన్నదీ ఎక్కువగా భారత సైనికులే. దాని ప్రభావం యుద్ధం తర్వాత బయటపడింది. 1945 నవంబర్‌లో ఎర్రకోటలో ఐఎన్‌ఏ అధికారులు షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌ల విచారణ దేశాన్ని కుదిపేసింది. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో నౌకాదళ సిబ్బంది తిరగబడ్డారు. 1939లో సుమారు రెండు లక్షలున్న భారత సైన్యం యుద్ధం ముగిసేసరికి 25 లక్షలకు చేరింది. ఆ సైన్యం మాట వింటుందన్న భరోసా లేకుండా ఇంత పెద్ద దేశాన్ని ఏలడం అసాధ్యం. డబ్బు లెక్కా తిరగబడింది. యుద్ధానికి ముందు భారత్ బ్రిటన్‌కు బాకీ. యుద్ధం తర్వాత బ్రిటనే భారత్‌కు సుమారు 130 కోట్ల పౌండ్లు బాకీ పడింది.

ఇండోనేషియా 1945 ఆగస్టు 17న, వియత్నాం సెప్టెంబర్ 2న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. డచ్చి, ఫ్రెంచి పాలకులు తిరిగి వచ్చి ఏళ్ల తరబడి పోరాడినా నిలబడలేకపోయారు.

## 1944-45: సైన్యం ఆగిన చోటే సరిహద్దు

1944 జూన్ 6న మిత్రపక్షాల సైనికులు సుమారు 1,56,000 మంది ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగారు. పదహారు రోజులకు, జూన్ 22న, బెలారస్‌లో సోవియట్ సేనలు ఆపరేషన్ బగ్రాటియాన్ మొదలుపెట్టాయి. కొన్ని సైన్యాలు కలిసిన ఒక ఆర్మీ గ్రూపును జర్మనీ అక్కడ దాదాపు పూర్తిగా కోల్పోయింది. స్టాలిన్‌గ్రాడ్‌ను మించిన ఆ నష్టం పేరు కూడా చాలామంది వినలేదు. అప్పటికి ఎవరు గెలుస్తారన్నది తేలిపోయింది. తేలాల్సింది ఎవరి సైన్యం ఎంతదూరం వస్తుందన్నదే. నార్మండీ జరగకపోయినా జర్మనీ ఓడేది, కాకపోతే ఐరోపాలో సోవియట్ ఎర్రసైన్యం ఇంకా చాలా పడమర దాకా వచ్చేది.

1945 ఫిబ్రవరిలో క్రిమియాలోని యాల్టాలో రూజ్‌వెల్ట్, చర్చిల్, స్టాలిన్ కూర్చున్నప్పటికి సోవియట్ సేనలు బెర్లిన్‌కు డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. అమెరికా, బ్రిటిష్ సేనలు ఇంకా రైన్ నది దాటలేదు. యాల్టాలో రూజ్‌వెల్ట్ తూర్పు ఐరోపాను అమ్మేశాడన్న విమర్శ ఈ దూరాల ముందు నిలబడదు. పోలండ్ అప్పటికే ఎర్రసైన్యం చేతిలో ఉంది.

కొరియా సంగతి ఇంకా విచిత్రం. 1945 ఆగస్టు 10 అర్ధరాత్రి వాషింగ్టన్‌లో డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు కల్నల్ స్థాయి అధికారులకు అరగంట టైమ్ ఇచ్చారు. కొరియాలో జపాన్ సైన్యం ఎక్కడిదాకా ఎవరికి లొంగాలో గీత గీయమన్నారు. దగ్గరున్న ఒక పత్రిక మ్యాప్ చూసి, సియోల్ అమెరికా వైపు ఉండేలా 38వ అక్షాంశాన్ని ఎంచుకున్నారు. కొరియన్లను ఎవరూ అడగలేదు. తాత్కాలికమనుకున్న ఆ గీత దగ్గర 1950లో మరో యుద్ధం మొదలైంది.

## 1919కీ 1945కీ తేడా

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన ఇరవై ఏళ్లకే రెండోది వచ్చింది. రెండోది ముగిశాక పెద్ద దేశాల మధ్య మూడోది ఎందుకు రాలేదు? అణ్వాయుధాల భయం ఒక కారణం. ఓటమి జరిగిన తీరు మరో కారణం. 1918 నవంబర్‌లో కాల్పులు ఆగినప్పుడు జర్మన్ సైన్యం ఇంకా ఫ్రాన్స్, బెల్జియం నేల మీదే ఉంది. సామాన్య జర్మన్‌కు ఓటమి కళ్లకు కనబడలేదు. సైన్యాన్ని ఇంట్లోవాళ్లే వెన్నుపోటు పొడిచారన్న అబద్ధం అందుకే పాకింది. ఆపైన 1919 నాటి వెర్సాయ్ శాంతి ఒప్పందం కింద 13,200 కోట్ల బంగారు మార్కుల పరిహారం మోపారు. ఆ అబద్ధాన్నీ ఆ కసినీ హిట్లర్ వాడుకున్నాడు.

రెండోసారి మిత్రపక్షాలు బేషరతు లొంగుబాటే కావాలని 1943 జనవరిలో కాసాబ్లాంకాలో ప్రకటించాయి. దేశాన్ని ఆక్రమించాయి, నురెంబర్గ్‌లో నాజీ నేతలను విచారించాయి. అరవై లక్షల మంది యూదుల హత్యకు సాక్ష్యాలు కోర్టు ముందుకు వచ్చాయి. సోవియట్ పక్షం తన వాటా జర్మనీలో ఫ్యాక్టరీలను ఊడదీసి పట్టుకుపోయింది. పడమటి వైపు మాత్రం 1948 నుంచి మార్షల్ ప్రణాళిక కింద సుమారు 1,300 కోట్ల డాలర్లు పశ్చిమ ఐరోపాలోకి వచ్చాయి. అందులో జర్మనీకీ వాటా ఉంది. ఇందులో ఉదారత కంటే కమ్యూనిజం భయమే ఎక్కువ పనిచేసింది. అయినా ఫలితం మేలే చేసింది.

## జపాన్‌ను లొంగదీసింది ఏది?

1945 ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి మీద అణుబాంబులు పడ్డాయి. ఈ రెంటి మధ్యలో, ఆగస్టు 8న, సోవియట్ యూనియన్ జపాన్ మీద యుద్ధం ప్రకటించింది. జర్మనీ లొంగాక రెండు మూడు నెలల్లో వస్తానని స్టాలిన్ యాల్టాలో ఇచ్చిన మాట ప్రకారం సరిగ్గా మూడు నెలలకు వచ్చాడు. మర్నాడే మంచూరియాలో దాడి. చక్రవర్తి హిరోహితో ఆగస్టు 15న ప్రజలకు చేసిన ప్రకటనలో కొత్త క్రూరమైన బాంబు ప్రస్తావన ఉంది. రెండు రోజులకు సైనికులకు ఇచ్చిన ప్రకటనలో బాంబు మాట లేదు, సోవియట్ ప్రవేశం ఉంది. వినేవాళ్లను బట్టి కారణం మారింది. సోవియట్ మధ్యవర్తిత్వంతో మెరుగైన షరతులు సంపాదించాలన్న టోక్యో ఆశ ఆగస్టు 9తో పోయింది. నగరాల వినాశనం అంతకు ముందు నుంచే సాగుతోంది. ఒక్కదాన్నే కారణంగా చూపే వాదనలు, ఏ వైపువైనా, ఆ నాలుగు రోజుల వరుసను విడగొట్టి చూస్తున్నాయి.

సెప్టెంబర్ 2న అమెరికా యుద్ధనౌక మిజోరీ మీద జపాన్ లొంగుబాటు పత్రంపై సంతకం చేసింది. సోవియట్ సేనలు మాత్రం జపాన్‌కు ఉత్తరాన ఉన్న కురిల్ దీవుల్లో ముందుకు పోతూనే ఉండి, ఆ వారంలో దక్షిణపు కొసన ఉన్న దీవులను కూడా పట్టుకున్నాయి. 1951లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన జపాన్ శాంతి ఒప్పందం మీద మాస్కో సంతకం పెట్టలేదు. భారత్ కూడా పెట్టలేదు, కానీ మరుసటి ఏడాది విడిగా ఒప్పందం చేసుకుని పరిహారం వదులుకుంది. మాస్కో, టోక్యో 1956లో యుద్ధస్థితి ముగిసిందని ఉమ్మడి ప్రకటన చేశాయి. దక్షిణ కురిల్ దీవుల తగాదా తెగక, ఆ రెండు దేశాల మధ్య శాంతి ఒప్పందం ఈరోజుకీ కుదరలేదు.